‘ఏం లేదు బిడ్డా’ దగ్గర ఆగిపోకండి

మీరు హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కో, బ్యాంకు పరీక్షలకో చదువుతున్నారనుకుందాం. లేదంటే ఎల్బీనగర్‌లో గది తీసుకుని ఉద్యోగం చేసుకుంటున్నారు. ఇంటికి రోజూ ఫోన్ చేస్తారు. తిన్నారా, వాన పడిందా, పత్తి ఎంతకు పోయింది, చెల్లి ఫీజు కట్టారా, అన్నీ అడుగుతారు. ఇక నుంచి నెలకోసారి ఇంకో మాట కూడా అడగండి. ‘నాయినా, దొడ్డికి పోయినప్పుడు రక్తం గిట్ల పడుతున్నదా?’

చదువుతుంటేనే మొహమాటంగా ఉంది కదా! కన్నవాళ్లను అడగాల్సిన మాటేనా ఇది అనిపిస్తుంది. ఇంటర్వ్యూలో తడబడకుండా మాట్లాడటం ఎలా, నలుగురిలో నిలబడి ప్రసంగించడం ఎలా అని చెప్పే పుస్తకాలు కోఠి ఫుట్‌పాత్ మీద కుప్పలుగా దొరుకుతాయి. సొంత తండ్రితో కష్టమైన మాట మాట్లాడటం మాత్రం ఎవరూ నేర్పరు. నా దృష్టిలో మనిషి ఎదిగాడా లేదా అన్నది అక్కడే తెలుస్తుంది. పెద్దపేగు క్యాన్సర్ మొదటి దశలో దొరుకుతుందా, నాలుగో దశలోనా అన్నది చాలా ఇళ్లలో ఆ ఒక్క మాట మీదే ఆధారపడి ఉంది.

ఈ జబ్బు రాత్రికి రాత్రి వచ్చేది కాదు. పేగు లోపలి గోడ మీద బఠాణీ గింజంత బుడిపె (పాలిప్) మొలుస్తుంది. అది క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ల దాకా పడుతుంది. ఆలోగా కొలనోస్కోపీ (మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) చేసి దాన్ని తీసేస్తే ఆ పాలిప్ నుంచి క్యాన్సర్ రాదు. క్యాన్సర్‌గా మారినా, పేగు దాటి పాకకముందే పట్టుకుంటే అమెరికా లెక్కల ప్రకారం 100 మందిలో 90 మంది అయిదేళ్ల తర్వాతా బతికే ఉంటున్నారు. కాలేయానికో, ఊపిరితిత్తులకో పాకాక దొరికితే ఆ సంఖ్య 15 దగ్గరికి పడిపోతుంది. రెండు సందర్భాల్లోనూ జబ్బు ఒకటే. మధ్యలో పోయింది కాలం.

ఆ కాలం పల్లెలో ఎలా పోతుందో చూడండి. మన దేశంలో పెద్దపేగు క్యాన్సర్ పాశ్చాత్య దేశాల్లో కంటే తక్కువ. పల్లెల్లో నగరాల కంటే ఇంకా తక్కువ. తక్కువ కాబట్టే అక్కడ ఎవరికీ అనుమానం రాదు. రక్తం పడగానే ‘వేడి చేసింది’ అంటారు. మజ్జిగ తాగుతారు, సబ్జా గింజలు నానబెడతారు. పది రోజులకు తగ్గినట్టుంటుంది, మళ్లీ మొదలవుతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళితే మొలలని గోళీలు ఇస్తాడు. ఆయన తప్పేమీ లేదు, ఆయన చూసిన వందమందిలో దాదాపు అందరికీ మొలలే. తర్వాత పసరు మందు ఇచ్చేవాళ్ల వంతు. ఇంతలో నాట్లొస్తాయి, కోతలొస్తాయి, కూతురి పెళ్లి వస్తుంది. తిండి సయించక, బరువు తగ్గి, ఒకరోజు కడుపు ఉబ్బి గ్యాస్ కూడా పోకపోతే అప్పుడు ఎల్బీనగర్ బస్సెక్కిస్తారు.

రక్తం కళ్లకు కనబడని సందర్భం ఇంకా ప్రమాదకరం. పేగుకు కుడివైపు కణితి ఉంటే రక్తం కొద్దికొద్దిగా మలంలో కలిసిపోతుంది. మనిషికి తెలిసేది నీరసం ఒక్కటే. పొలం గట్టు ఎక్కితే ఆయాసం. గ్లూకోజ్ సీసా ఎక్కించుకుంటారు, బలానికి సూది వేయించుకుంటారు, నాలుగు రోజులు బాగుందనిపిస్తుంది. యాభై దాటిన మగమనిషికి హిమోగ్లోబిన్ ఎనిమిదికి వచ్చిందంటే ఐరన్ గోళీలు రాసి పంపేస్తే చాలదు. ఒంట్లోంచి రక్తం ఎటు పోతోందో వెతకాలి. నెలసరి ఆగిన ఆడవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. రక్తపరీక్షకు ఖర్చవుతుందని నాయిన వెనకాడితే, తెలంగాణ డయాగ్నస్టిక్స్ పథకం 2018 నుంచీ ఉందని, ప్రభుత్వ దవాఖానాలో రక్తం ఇస్తే ఉచితంగా పరీక్షిస్తారని చెప్పండి.

పల్లెవాళ్లే ఆలస్యం చేస్తారు, నగరంలో ఉన్నవాళ్లకు భయం లేదు అనుకోవద్దు. ఎల్బీనగర్‌లో పెద్దాసుపత్రి బోర్డు కనబడే వీధిలోనే ఉంటూ, మెడికల్ షాపులో ఆయింట్‌మెంట్ కొనుక్కుని ఏడాది నెట్టుకొచ్చే బాబాయిలు ఉన్నారు. పైల్స్, ఫిషర్, ఫిస్టులాకు ఆపరేషన్ లేకుండా వైద్యం అనే ప్రకటనలు గోడల మీద ఎటు చూసినా కనబడతాయి. అవి చూసీ చూసీ రక్తం పడితే అది మొలలే అని మనసులో స్థిరపడిపోయింది. నిజమే, ఎక్కువమందికి అవి మొలలే. కానీ మొలలున్న మనిషికి పైన కణితి ఉండకూడదని ఎక్కడా లేదు. ఒకే మనిషికి రెండూ ఉండొచ్చు.

అమెరికాలో 45 ఏళ్లు దాటితే ఏ లక్షణమూ లేకపోయినా పెద్దపేగు క్యాన్సర్ పరీక్ష చేయించుకోవాలని 2021 నుంచి నిపుణుల సంఘం సిఫారసు చేస్తోంది. మన జాతీయ ఆరోగ్య కార్యక్రమంలో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్లకే పరీక్షలున్నాయి. పెద్దపేగు ఆ జాబితాలో లేదు. అంటే ఆశా కార్యకర్త మీ ఇంటి తలుపు తట్టినా ఈ ప్రశ్న అడగదు. మీరే అడగాలి.

అడిగినంత మాత్రాన ఏమవుతుందంటారా? మహారాష్ట్ర షోలాపూర్ జిల్లాలో బార్శీ అనే ఊరుంది. మన దేశంలో మొట్టమొదటి గ్రామీణ క్యాన్సర్ రిజిస్ట్రీ 1987లో అక్కడే మొదలైంది. పల్లెల్లో ఆసుపత్రి రికార్డులు సరిగా ఉండవు కాబట్టి సిబ్బందే ఊరూరూ తిరిగారు. జనంతో కూర్చుని మాట్లాడారు. ఈ లక్షణాలుంటే ఆలస్యం చేయొద్దని చెప్పారు, అనుమానం ఉన్నవాళ్లను ఆసుపత్రికి రమ్మన్నారు. కొత్త యంత్రాలేవీ ఊళ్లలో దింపలేదు. కొన్నేళ్లకు లెక్క తీస్తే, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్‌తో వచ్చే స్త్రీలలో తొలి దశలోనే వచ్చేవారి వాటా పెరిగింది. 1995లో ఆ ఫలితాన్ని పరిశోధన పత్రంగా అచ్చువేశారు. ఆ స్త్రీలకు అది బయటికి చెప్పుకోలేని జబ్బే. అడిగేవాళ్లు వచ్చారు కాబట్టి చెప్పారు. ఇది వేరే అవయవం సంగతే అయినా, సిగ్గు మాత్రం అదే సిగ్గు.

అమెరికాలో కేటీ కౌరిక్ అనే టీవీ యాంకర్ భర్త 42 ఏళ్లకే పెద్దపేగు క్యాన్సర్‌తో పోయాడు. 2000 మార్చిలో ఆమె తన కొలనోస్కోపీని దేశమంతా చూసేలా టీవీలో చూపించింది. ఆ తర్వాతి నెలల్లో ఈ పరీక్ష చేయించుకునేవాళ్లు అయిదోవంతు పెరిగారని పరిశోధకులు తేల్చారు. మీరు టీవీలో కనబడక్కర్లేదు, ఫోన్ చేస్తే చాలు.

ఇక ఎలా అడగాలి? ఉపన్యాసం వద్దు. గూగుల్‌లో చూసింది చదివి వినిపించవద్దు. మామూలు మాటల మధ్యలో అడగండి.

‘నాయినా, కడుపు ఎట్లున్నది?’

‘మంచిగనే ఉన్నది బిడ్డా.’

‘దొడ్డికి సాఫ్‌గ అయితున్నదా? రక్తం గిట్ల?’

‘ఏం లేదు బిడ్డా. మొన్న ఎండల తిరిగిన, జర వేడి చేసింది.’

చాలామంది ఇక్కడే ‘సరే, మజ్జిగ తాగు’ అని ఫోన్ పెట్టేస్తారు. ‘ఏం లేదు’ అన్న తర్వాత ‘వేడి చేసింది’ అన్నాడంటే ఏదో ఉందనే. గొంతు పెంచకుండా ఇంకొక్కటి అడగండి. ‘ఎన్ని దినాల సంది?’ దానికి వచ్చే జవాబే డాక్టరుకు కావాలి. ‘ఉగాది కాడి సంది’ అన్నాడంటే నెలలు దాటిపోయాయన్నమాట. రెండు మూడు వారాలకు మించి రక్తం పడినా, అలవాటుగా వెళ్లే వేళలు మారిపోయి అలాగే ఉండిపోయినా, మలం సన్నగా వస్తున్నా, వెళ్లొచ్చాక కూడా ఇంకా మిగిలిపోయినట్టుంటున్నా, కారణం లేకుండా బట్టలు వదులవుతున్నా చూపించాల్సిందే. ‘మా నాయినకింకా యాభై కూడా రాలేదు’ అని ధీమాగా ఉండొద్దు. ముంబై టాటా మెమోరియల్ వైద్యులు తమ రోగుల లెక్క తీసినప్పుడు సగటు వయసు 47 దగ్గర ఉంది.

కొడుకుతో తండ్రి చెప్పని మాట తల్లితో చెబుతాడు. అమ్మ తన సంగతి మాత్రం ఎవరికీ చెప్పదు. ఆమెను కూతురో కోడలో పక్కన కూర్చుని అడగాలి. అక్కాచెల్లెళ్లు ఈ పని పంచుకుంటే మంచిది.

అడిగాక వెంట వెళ్లడం రెండో పని. అమెరికాలో డెలావేర్ అనే చిన్న రాష్ట్రం 2002 తర్వాత పెద్దపేగు పరీక్షలకు డబ్బిచ్చి ఊరుకోలేదు. ఎవరెవరు పరీక్షకు రావాలో పిలిచి, దారి చూపి, వెంట ఉండి నడిపించడానికి నర్సులను పెట్టింది. ఎనిమిదేళ్లలో పరీక్షలు చేయించుకోవడంలో నల్లవారికీ తెల్లవారికీ మధ్య తేడా పోయింది, ముదిరిన దశలో దొరకడమూ బాగా తగ్గింది. మీ ఇంటికి ఆ నర్సు మీరే. ఆసుపత్రి గేటు దగ్గర ఫైలు పట్టుకుని ‘ఏ కిటికీ కాడికి పోవాలె’ అని ఎవర్నో అడుగుతూ నిలబడ్డ పెద్దాయన్ను చూసినప్పుడల్లా, చదువుకున్న పిల్లలు ఈ పూట కోచింగ్ ఒక్కటి మానుకుని పక్కన ఉంటే ఎంత బాగుండు అనిపిస్తుంది నాకు.

దారి ఇప్పుడు మునుపటంత కష్టం కూడా కాదు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9న ఒకేరోజు రెండు పనులు జరిగాయి. ఆర్టీసీ పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమైంది. ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు పెరిగింది. దేవరకొండ నుంచో సూర్యాపేట నుంచో అమ్మ ఆధార్ కార్డు చూపించి ఎల్బీనగర్‌లో దిగొచ్చు. అక్కడికి మెట్రో 2018 సెప్టెంబర్ 24న వచ్చింది. ఆ ఎర్ర లైను మీదే, రైలు మారకుండా మూడు ప్రభుత్వ పెద్దాసుపత్రులున్నాయి. ఎంజీబీఎస్‌లో దిగితే ఉస్మానియా దగ్గర. లక్డీకాపూల్‌లో దిగితే 1955 నుంచి క్యాన్సర్‌కు వైద్యం చేస్తున్న రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే. పంజాగుట్టలో దిగితే నిమ్స్. ఎండోస్కోపీలో ప్రపంచానికి పాఠాలు చెప్పే డాక్టర్ నాగేశ్వర్‌రెడ్డి పనిచేసేది ఈ నగరంలోనే. ఆయనకు 2025లో పద్మవిభూషణ్ ఇచ్చారు. అంత విద్య ఉన్న చోటికి వంద కిలోమీటర్ల దూరం నుంచి ఒక రైతు రెండేళ్లు ఆలస్యంగా చేరుతున్నాడంటే నాకు మనసు ఒప్పదు.

డాక్టరు గదిలో ఒక విషయం గమనించండి. మలద్వారంలో వేలు పెట్టి చేసే పరీక్ష రెండు నిమిషాల పని. కిందిభాగంలో ఉన్న కణితులు చాలావరకు వేలికే తగులుతాయి. ఆ పరీక్ష చేయకుండానే మొలల మందు రాస్తుంటే, ‘సార్, ఒక్కసారి పరీక్ష చేసి చూడండి. మూడు నెలల నుంచి పడుతోంది’ అని మర్యాదగా, గట్టిగా చెప్పండి. మీ నాయిన ఆ మాట అనలేడు. డాక్టరు ముందు కూర్చోవడానికే జంకుతాడు. మీ చదువు ఆ కుర్చీ పక్కన ఉపయోగపడాలి.

కొలనోస్కోపీ రాశారనుకోండి, అసలు కష్టం ముందురోజు రాత్రి. పేగు శుభ్రం కావడానికి పొడి కలిపిన నీళ్లు లీటర్ల కొద్దీ తాగాలి. తర్వాత గంటల తరబడి లోపలికీ బయటికీ తిరగడమే. నలుగురు పంచుకునే హాస్టల్ బాత్రూమ్‌లో అరవయ్యేళ్ల మనిషి చేత ఆ పని చేయించకండి. సరూర్‌నగర్‌లోనో వనస్థలిపురంలోనో చుట్టాలుంటే అక్కడ దింపండి. లేకపోతే గదిలోనే బాత్రూమ్ ఉన్న లాడ్జి తీసుకోండి. సరిగ్గా శుభ్రం కాకపోతే డాక్టరుకు లోపల ఏమీ కనబడదు, పరీక్ష మళ్లీ చేయాల్సి వస్తుంది. బీపీ, షుగర్ మందులు వాడుతుంటే, ముఖ్యంగా రక్తం పలచబరిచే గోళీలు వేసుకుంటుంటే ముందే చెప్పండి. మత్తిచ్చి చేస్తే ఆ రోజు ఒంటరిగా పంపరు, తోడు ఉండాల్సిందే.

ముక్క తీసి పరీక్షకు పంపారంటే భయంతో ఊరికి వెళ్లిపోయేవాళ్లున్నారు. రిపోర్టు వచ్చేదాకా రోజూ ఫోన్ చేయండి. మొదటి దశ అయితే చాలామందికి ఆపరేషన్‌తోనే సరిపోతుంది, కీమో అక్కర్లేదు. కాలేయంలో మచ్చలు తేలినా చేతులెత్తేయకండి. అవి కొద్దిగా ఉండి ఆపరేషన్‌కు వీలైతే పూర్తిగా నయమైనవాళ్లూ ఉన్నారు. ప్రతి కాగితాన్నీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

రిపోర్టులో క్యాన్సర్ అని వస్తే లెక్కలోకి మీరూ వస్తారు. తండ్రికో తల్లికో ఈ జబ్బు ఉంటే పిల్లలు 40వ ఏట, లేదా కన్నవాళ్లకు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోవాలి. నాయినకు 47కు తేలితే మీకు 37. ఆయన తమ్ముళ్లకూ, అక్కలకూ కూడా ఇదే లెక్క వర్తిస్తుంది, డాక్టరును అడిగి ఒక్కొక్కరికీ చెప్పండి. పెళ్లయి మిర్యాలగూడలో ఉంటున్న మీ అక్కకు కూడా ఫోన్ చేయండి.