పూడికా? గండా?

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల పొలాలకు కె.సి. కాలువ నీరు పారుతుంది. తుంగభద్రపై సుంకేశుల వద్ద బయలుదేరి ఇది కడప వైపు 300 కిలోమీటర్లకు పైగా సాగుతుంది. ఒకనాడు మీ పొలానికి నీరు ఆగిపోయిందనుకోండి. పిల్లకాలువ పూడిపోయి ఉండవచ్చు, పెద్ద కాలువకే గండి పడి ఉండవచ్చు. పొలంలో నిలబడి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి.

మన శరీరంలోనూ ఇంతే. గుండె నుండి బయలుదేరే పెద్ద కాలువ బృహద్ధమని. దాని శాఖలు మెడ గుండా మెదడుకు రక్తం చేరుస్తాయి. మెదడులో ఏదైనా భాగానికి రక్తం అందకపోతే మూతి వంకరపోతుంది, మాట తడబడుతుంది, ఒకవైపు చేయి, కాలు పడిపోతాయి. ఇదే పక్షవాతం. ఎక్కువ మందిలో దీనికి కారణం రక్తనాళంలో అడ్డుపడిన గడ్డ. సి.టి. స్కాన్ తీసి, మెదడులో రక్తస్రావం లేదని తేలాక, తగినవారికి 4½ గంటలలోపు ఆల్టెప్లేజ్ వంటి గడ్డ కరిగించే మందు ఇస్తారు. ఇది పూడిక తీయడం వంటిది.

కాని అరుదుగా లోపం పెద్ద కాలువలోనే ఉంటుంది. బృహద్ధమని గోడకు మూడు పొరలు. లోపలి పొర చిరిగితే రక్తం అందులో దూరి పొరలను విడదీస్తూ పోతుంది. ఆ చీలిక మెడ ధమనుల దాకా పాకితే మెదడుకు దారి మూసుకుపోతుంది. పైకి కనిపించేది అదే పక్షవాతం! ఇప్పుడు గడ్డ కరిగించే మందు ఇస్తే ఏమవుతుంది? చిరిగిన గోడ నుండి కారే రక్తం గడ్డకట్టదు. అది గుండె చుట్టూ ఉన్న సంచిలో నిండి గుండెను నొక్కివేయవచ్చు. గుండెకు దగ్గరి భాగం చీలితే వెంటనే శస్త్రచికిత్స చేయాలి.

మరి వైద్యులు దీన్ని ఎలా పసిగడతారు? రొమ్ములోనో వీపులోనో హఠాత్తుగా చీల్చినట్టు నొప్పి రావడం, రెండు చేతుల రక్తపోటులో పెద్ద తేడా ఉండడం, ఒక చేతి నాడి బలహీనపడడం ముఖ్యమైన గుర్తులు. కొందరికి నొప్పే ఉండదు. అనుమానం కలిగితే రక్తనాళాలు కనబడేలా రంగుమందు ఎక్కించి, గుండె నుండి మెదడు వరకు స్కాన్ తీస్తారు.

ఈ చీలికకు శస్త్రచికిత్సను రూపొందించిన అమెరికా వైద్యుడు మైకేల్ డిబేకీకి 2005లో, 97 ఏళ్ల వయసులో, ఇదే జబ్బు వచ్చింది. 2006లో శస్త్రచికిత్సతో బ్రతికి, 2008 వరకు జీవించాడు.

ఇంట్లో ఎవరికైనా పక్షవాతం లక్షణాలు కనిపిస్తే మీరేం చేయాలి? వెంటనే 108కి ఫోన్ చేయండి. లక్షణాలు మొదలైన సమయం గుర్తుంచుకోండి. సొంతంగా ఏ మాత్రా మింగించకండి. ముందుగా రొమ్ములో, వీపులో నొప్పి వచ్చిందా అన్నది డాక్టరుకు తప్పక చెప్పండి. ఆ ఒక్క మాట పూడికకూ గండికీ తేడా చూపవచ్చు.