తొలకరికి ముందే పందుల దొడ్డి చూసుకోండి

తొలకరి దగ్గరపడుతుంటే పశువులకు గొంతువాపు టీకా వేయిస్తాం. పందుల రైతుకు ఆ ధీమా లేదు. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌కు మన రైతుకు అందుబాటులో టీకా లేదు, మందూ లేదు. క్లాసికల్ స్వైన్ ఫీవర్ టీకా వేయించాం కదా అని కొందరు నిశ్చింతగా ఉంటున్నారు. అది వేరే వైరస్, ఆ టీకా దీన్ని ఆపదు.

మన దేశంలో ఈ జబ్బు 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో బయటపడింది. మిజోరంలో 2021 నుంచి ఎండలు ముదిరి తొలి జల్లులు పడే రోజుల్లో మళ్లీ మళ్లీ తలెత్తుతోంది. కేరళలోని వయనాడ్ ఫారాలకు 2022 జూలైలో, నడివానల్లో సోకింది. తమిళనాడులోని ముదుమలై అడవి పందుల్లో మాత్రం 2023 జనవరిలో కనిపించింది. ఐరోపాలోనూ అంతే: ఫారాల్లో వేసవిలో, అడవి పందుల్లో చలికాలంలో ఎక్కువ. చలికి కళేబరం త్వరగా కుళ్లదు, అందులో వైరస్ నెలల తరబడి బతికే ఉంటుంది. ఆ చుట్టూ మట్టి తవ్వుకున్న పందికి అంటుకుంటుంది.

కాబట్టి చలికాలంలో వేరుశనగ, మొక్కజొన్న చేలల్లో అడవి పంది చచ్చి పడి ఉంటే ముట్టుకోకండి, అటవీ సిబ్బందికి చెప్పండి. ఆ చేలో తిరిగిన చెప్పులతో దొడ్డిలోకి వెళ్లవద్దు.

వేసవిలో, వానల్లో ముప్పు ఎక్కువగా మన చేతులతోనే వస్తుంది. జబ్బు పంది మాంసం కడిగిన నీళ్లు కుడితి తొట్టిలో పోస్తే చాలు, దొడ్డంతా పోవచ్చు. హోటల్ ఎంగిలి పెట్టేవారు దాన్ని కలియబెడుతూ అరగంటకు తగ్గకుండా మరగబెట్టాలి. పైపైన వేడి చేసి దించితే వైరస్ చావదు. నన్నడిగితే వేసవి, వానల రోజుల్లో ఎంగిలి మానేయడమే మేలు. దాణా ఖర్చు పెరుగుతుంది, నిజమే. కానీ ఈ జబ్బు సోకిన పందుల్లో బతికేవి బహు తక్కువ. కొత్త పందుల్ని తెస్తే మూడు వారాలు విడిగా కట్టండి.

జ్వరం 105 డిగ్రీలు దాటినా, మేత మానినా, చెవులు, పొట్ట కింద చర్మం ఎర్రగా, ఊదాగా మారినా, ఏ లక్షణమూ లేకుండా ఉన్నట్టుండి చచ్చినా అనుమానించండి. జబ్బు మనుషులకు రాదు, ఆ భయం వద్దు. అయితే దొడ్డిలో మిగిలిన పందుల్ని తక్కువ ధరకు అమ్మేస్తే పక్క ఊరి దొడ్లు కూడా పోతాయి. దయచేసి అమ్మకండి, కోయకండి. అదే రోజు పశువైద్యుడికి చెప్పండి, లేదా 1962కు ఫోన్ చేయండి.