ఊరూరా పేరు మారే నీరుకట్టు పాము

అమ్మకో నాన్నకో బదిలీ అయితే మనకు ఊరు మారుతుంది, బడి మారుతుంది, చుట్టూ వినిపించే భాష కూడా మారుతుంది. కానీ కొత్త ఊరి వాగులోనూ మనకు తెలిసిన ప్రాణి ఒకటి కనిపించవచ్చు. అదే నీరుకట్టు పాము. దీన్ని తమిళులు 'తణ్ణీర్ పాంబు' అని, మలయాళీలు 'నీర్‌కోలి' అని, మరాఠీలు 'దివడ్' అని పిలుస్తారు. నేపాల్, బంగ్లాదేశ్, పాకిస్థాన్‌లలో కూడా ఇది ఉంటుంది.

దీని శాస్త్రీయ నామం ఫౌలియా పిస్కేటర్. లాటిన్‌లో 'పిస్కేటర్' అంటే చేపలు పట్టేవాడు. పేరుకు తగ్గట్టే వాగులు, చెరువులు, కాలువలు, వరి మడుల్లో చేపలను, కప్పలను పట్టి తింటుంది. సాధారణంగా మీటరు దాకా పెరుగుతుంది. ఒంటిపై చదరంగపు పలకలా నల్లని గళ్లు, కంటి దగ్గర నుంచి నోటి వైపు వాలే రెండు నల్లని చారలు దీని గుర్తులు. పొలుసుల మీద సన్నని గట్లు ఉండటంతో ఒళ్లు గరుకుగా ఉంటుంది. ఇది గుడ్లు పెట్టే పాము. పిల్లలు బయటికి వచ్చేదాకా తల్లి గుడ్ల దగ్గరే ఉండటం గమనించారు.

ఈ పాముకు మనిషిని చంపే విషం లేదు. పేరులో 'కట్టు' ఉన్నా, ప్రాణాంతకమైన కట్లపాముకు ఇది చుట్టం కాదు. మరి దీన్ని ఎందుకు చంపుతున్నారు? బెదిరినప్పుడు ఇది తల పైకెత్తి, మెడను వెడల్పు చేస్తుంది. శత్రువును భయపెట్టి తప్పించుకోవడానికే అలా చేస్తుంది. చూసినవాళ్లు నాగుపాము అనుకొని కర్ర అందుకుంటారు. ప్రాణం కాపాడుకోవడానికి నేర్చిన విద్యే దాని ప్రాణం మీదికి తెస్తోంది! 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ పాముకు రక్షణ కల్పించింది.

నీటి దగ్గర పాము కనిపిస్తే ఏం చేయాలి? దూరంగా నిలబడి చూడండి. రాళ్లు వేయకండి, పట్టుకోబోకండి. దారి వదిలితే అదే వెళ్లిపోతుంది. ఒకవేళ పాము కరిస్తే అది నీరుకట్టో, నాగో మీరే తేల్చుకోవద్దు. వెంటనే పెద్దలకు చెప్పి ఆసుపత్రికి వెళ్లాలి.

ఈసారి కొత్త ఊరు వెళ్లినప్పుడు అక్కడి స్నేహితులను అడగండి: "మీ భాషలో నీటిపామును ఏమంటారు?"