ఒక్క 'సెట్'కు ఎన్ని అర్థాలు?

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి. 'సెట్' అనే ఇంగ్లిష్ మాటకు నిఘంటువులో పేజీలకు పేజీలే ఉన్నాయి. ఏవి నేర్పాలి?

జవాబు: అన్నీ అక్కర్లేదండీ. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు రెండో కూర్పులో ఈ ఒక్క మాటకే 430 అర్థాలిచ్చారు! క్రియగా దీని మూలార్థం 'కూర్చోబెట్టడం'. అలారం సెట్ చేసినా, విరిగిన ఎముకను సెట్ చేసినా, దాన్ని దాని చోట కుదర్చడమే. పెరుగు తోడుకున్నా, సిమెంటు గట్టిపడినా కుదురుకోవడమే. టీ కప్పుల సెట్‌ది వేరే వంశం, ఫ్రెంచి నుంచి వచ్చింది. మన 'కొట్టు' చూడండి: టెంకాయ కొడతాం, గోడకు సున్నం కొడతాం, పిల్లలు కాపీ కొడతారు, కిరాణా కొట్టు సంగతి వేరు. పక్క మాటతో కలిపి నేర్పండి, అర్థం దానంతటదే పట్టుబడుతుంది.