హెడ్‌నోట్ తీర్పు కాదు

మన హాస్టల్ నుంచి లా కోర్సుకు వెళ్లే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! లా రిపోర్టులో తీర్పుకు పైన అచ్చయ్యే సారాంశాన్ని హెడ్‌నోట్ అంటారు. దాన్ని రాసేది జడ్జిగారు కాదు, సంపాదకులు. ఏది పైకి తేవాలో, ఏది వదిలేయాలో వాళ్ల చూపును బట్టే ఉంటుంది.

మన ఇళ్లలో రోజూ నలిగే ఎస్సీ వర్గీకరణ సంగతే తీసుకోండి. 2000లో ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టం ఎ గ్రూపుకు 1, బికి 7, సికి 6, డికి 1 శాతం కేటాయించింది. 2004 నవంబరు 5న చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. ‘ఎస్సీలంతా ఒకే వర్గం, విడదీయరాదు’ అని ఒక్క ముక్క రాసినా పరీక్షలో మార్కులు పడతాయి. ఏ కులానికి ఎన్ని ఉద్యోగాలు దక్కాయన్న లెక్క మాత్రం ఆ ముక్కలో కనబడదు.

బాలగోపాల్ గారు 2005లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఈ తీర్పుపై వ్యాసం రాశారు. పేరు ‘జస్టిస్ ఫర్ దండోరా’. ఆయన ఎటువైపో పేరులోనే చెప్పేశారు, ఇక వాదన బలమెంతో మనం తూచుకోవచ్చు. పక్షం దాచిపెట్టి తటస్థంగా కనిపించే రాతలతోనే నాకు భయం.

2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల్లో ఆరుగురు చిన్నయ్య తీర్పు చెల్లదన్నారు. ఒప్పుకోనిది జస్టిస్ బేలా త్రివేది ఒక్కరే. ఆమె రాసింది కూడా పూర్తిగా చదవండి. మన హాస్టల్లోనే రెండు వైపుల వాళ్లూ ఉన్నారు కదా.