ఆవరణలోని దీపమును ఎవరు చూచుకొనవలెను?

(స్త్రీల సమాజము, యౌవనుల కూడిక, సంఘ కమిటీలలో కలిసి చదివి చర్చించుటకు)

పాఠము ఉద్దేశము: ఎండ, పేడ, ఊక వంటి వాటినుండి వచ్చే శక్తిని నలుగురు కలిసి వాడుకొన్నప్పుడు, ఆ ఏర్పాటు ఎందుకు నిలుస్తుంది, ఎందుకు పడిపోతుంది అని తెలిసికొనుట.



లింగసుగూరు నుండి ఈ నెల పాఠమును మా తప్పుతోనే ప్రారంభిస్తున్నాము. ఇతరుల తప్పులు చెప్పి పాఠము నేర్పుట సుళువే గాని, మన తప్పు చెప్పుకొంటే వినేవారికి ఎక్కువ ఉపయోగము.

1. మా ఆవరణలో జరిగినది

కొన్ని సంవత్సరముల క్రితము కోత పండుగ కానుకలతో మా సంఘ ఆవరణలో రెండు సోలార్ దీపములు పెట్టించాము. పెట్టిన రోజున అందరము స్తంభము క్రింద నిలుచుండి ఫోటో తీయించుకొన్నాము. మొదటి సంవత్సరము చక్కగా వెలిగాయి. కరెంటు పోయినను రాత్రి కూడిక ముగిసిన తరువాత స్త్రీలు, వృద్ధులు గేటు వరకు వెలుగులోనే నడిచేవారు.

రెండవ వేసవి దాటిన తరువాత ఒక దీపము రాత్రి తొమ్మిది గంటలకే ఆరిపోసాగినది. మరి కొన్ని నెలలకు రెండవది కూడ అంతే. ఎవరో ఒకరు చూస్తారులే అనుకొన్నాము. ఒక రాత్రి ఆ చీకటిలో మా సంఘములోని పెద్ద వయసు తల్లి ఒకరు మెట్టు తప్పి పడ్డారు. చేయి విరిగినది. అప్పుడు గాని మేము తల ఎత్తి ఆ స్తంభము వైపు చూడలేదు.

మెకానిక్ వచ్చి బ్యాటరీ పెట్టె తెరచి చూపించాడు. లోపల పోయవలసిన డిస్టిల్డ్ వాటర్ అడుగంటిపోయినది. మన రాయచూరు జిల్లా ఎండలకు ఈ నీరు త్వరగా తగ్గుతుంది. పైన పలక మీద వేలు పెడితే గీత పడేంత దుమ్ము, దాని మీద పక్షుల రెట్టలు. “దీపములో ఏ లోపము లేదండి, చూచుకొనేవారు లేరు, అంతే” అన్నాడు.

కమిటీ కూర్చున్నప్పుడు నీళ్ళు పోయవలసినది ఎవరు అని విచారించాము. కార్యదర్శి చూస్తున్నారని కోశాధికారి అనుకొన్నారు. యౌవనులు చూస్తున్నారని కార్యదర్శి అనుకొన్నారు. తమకు ఎవరు చెప్పలేదని యౌవనులు అన్నారు. దీపములు కొన్న రశీదు ఫైలులో భద్రముగా ఉన్నది. చూచుకొనేవారి పేరు మాత్రము ఏ పుస్తకములోను లేదు.

2. మన చుట్టూ ఉన్న శక్తి

ఈ ప్రాంతమునకు మనము పలు విధములుగా వచ్చాము. తుంగభద్ర కాలువ నీరు పారిన తరువాత వరి పండించుటకు కోస్తా జిల్లాల నుండి వచ్చి సింధనూరు, మాన్వి, గంగావతి వైపు క్యాంపులలో స్థిరపడిన కుటుంబములు ఉన్నవి. హట్టి బంగారు గనుల వైపు పని వెదకికొని వచ్చినవారు ఉన్నారు. మన ఇండ్లలో వెలిగే కరెంటు కూడ ఒక విధముగా మనవలె వలస వచ్చినదే. కృష్ణ ఒడ్డున శక్తినగర్‌లోని రాయచూరు థర్మల్ విద్యుత్ కేంద్రములో మొదటి యూనిట్ 1985లో నడుచుట ఆరంభించినది. ఇప్పుడు దాని సామర్థ్యము 1,720 మెగావాట్లు. అక్కడ కాలే బొగ్గులో సింగరేణి బొగ్గు కూడ ఉన్నది. తెలుగు నేల అడుగున త్రవ్విన బొగ్గు రైలెక్కి ఇక్కడికి వచ్చి మన ఇంట దీపమగుచున్నది.

అయితే బొగ్గు ఒకసారి కాలితే మరల రాదు. పొగ గాలిలో కలుస్తుంది, బూడిద మనకు మిగులుతుంది. ఎండ, పేడ, వరి ఊక అటువంటివి కావు. నేడు వాడుకొన్నను రేపు మరల వస్తాయి. మన క్యాంపుల దగ్గర రైసు మిల్లులలో ఊకతో బాయిలర్లు మండుట మనలో అనేకులు చూచినదే. ఎండ సంగతి ఈ జిల్లావారికి చెప్పనక్కరలేదు. కాబట్టి మనకు శక్తి కొదువ లేదు. కొదువగా ఉన్నది ఏమిటో తెలియుటకు రెండు ఊళ్ళ కథలు చూద్దాము. రెండును మన కర్ణాటకలోనివే.

3. పుర గ్రామము నేర్పిన పాఠము

బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో ‘అస్త్ర’ అనే విభాగము ఏర్పడినది. పల్లెలకు పనికివచ్చే విజ్ఞానమును తయారు చేయుట దాని పని. ఆచార్య ఎ.కె.ఎన్. రెడ్డి గారు దానికి ముఖ్యులు. తక్కువ కట్టెతో, పొగ గొట్టముతో మండే ‘అస్త్ర ఒలె’ అనే పొయ్యి వారిదే. కన్నడములో ఒలె అనగా పొయ్యి.

వారు తుమకూరు జిల్లాలోని పుర అనే చిన్న గ్రామములో ఊరుమ్మడి గోబర్ గ్యాస్ ప్లాంటు కట్టారు. ఇంటింటికి వంట గ్యాసు ఇవ్వవలెనని మొదటి ఆలోచన. కాని ఊరిలోని పశువుల పేడతో వచ్చే గ్యాసు ఊరంతటి వంటకు చాలలేదు. ఆ పని నిలిచిపోయినది. అప్పుడు గ్రామస్థులకు నిజముగా కావలసినది ఏమిటి అని చూడగా, మంచి నీరు అని తేలినది. 1987 నుండి ఆ గ్యాసుతో ఇంజను నడిపి, కరెంటు తీసి, బోరు నీటిని ఇండ్ల దగ్గరి కుళాయిలకు ఇచ్చారు. ఇండ్లలో దీపములు కూడ వెలిగించారు.

ఇక్కడ గమనించవలసినది వారి కట్టుబాటు. పేడ తెచ్చి ఇచ్చినవారికి కిలోకు 2 పైసల చొప్పున లెక్క కట్టి ఇచ్చేవారు. గ్యాసు తీసిన తరువాత మిగిలిన ఎరువును ఎవరి పాలు వారికి తిరిగి ఇచ్చేవారు. కరెంటు వాడుకొన్నవారు రుసుము కట్టవలెను. కట్టనివారి ఇంటికి సరఫరా ఆగిపోయేది. ఊరి యువకులే ప్లాంటు నడిపారు. ఇందులో యంత్రము పాలు కొద్దియే. ఎవరు తెచ్చారు, ఎంత తెచ్చారు, ఎవరు కట్టారు, ఎవరు నడిపారు అనే లెక్క పాలు ఎక్కువ.

4. బాగేపల్లి తెలుగువారు

చిక్కబళ్ళాపుర జిల్లా బాగేపల్లి తాలూకా మనకు పరాయి సీమ కాదు. కర్ణాటకలో ఉన్నను అక్కడి పల్లెలలో ఇంటి భాష తెలుగు. అక్కడ చిన్న రైతులు, కూలీలు కలిసి బాగేపల్లి కూలీ సంఘముగా ఏర్పడినారు. వారికి తోడుగా నిలిచినది 1977లో మొదలైన అడాట్స్ అనే సంస్థ. ఆ ఇండ్లలో స్త్రీలు కట్టెల కొరకు దూరము నడిచి, పొగలో వంట చేసేవారు.

1997లో జపానులోని క్యోటోలో దేశములు ఒక ఒడంబడిక చేసికొన్నవి. గాలిలో చేరే కార్బన్‌ను పేద దేశములలో తగ్గించిన పనికి ధనిక దేశములు వెల ఇచ్చే మార్గము అందులో ఉన్నది. ఈ మార్గములో బాగేపల్లివారు 5,500 ఇండ్లకు గోబర్ గ్యాస్ ప్లాంట్లు కట్టే పథకము పెట్టగా, 2005 డిసెంబరులో అది నమోదైనది. ఒక్కొక్క ఇంటికి రెండు ఘనపు మీటర్ల ప్లాంటు.

ఈ పథకములోని కీలకము గమనించండి. ప్లాంటు కట్టినంత మాత్రమున కార్బన్ వెల రాదు. అది పనిచేసినట్లు లెక్క చూపితేనే వస్తుంది. అందుచేత ఏ ఇంటి ప్లాంటు నడుస్తున్నది, ఏది ఆగినది, ఎందుకు ఆగినది అని కనిపెట్టి, బాగుచేయుట తప్పనిసరి అయినది. మన దేశమంతట కట్టి వదిలివేసిన గోబర్ గ్యాస్ గుంతలు ఎన్నో ఉన్నవి. కట్టిన దినమున కొలత పుస్తకములో వ్రాసి, మరుసటి దినము నుండి మరచిపోయినందున అవి పాడుబడినవి.

5. మన ఇంటి లెక్క

పశువులు ఉన్నవారు ఈ లెక్క వేసికొనండి. సుమారు 25 కిలోల పేడకు ఒక ఘనపు మీటరు గ్యాసు వస్తుంది. నలుగురైదుగురు ఉన్న ఇంటి వంటకు అది దాదాపు సరిపోతుంది. రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకు దినమునకు 50 కిలోల పేడ, అనగా నాలుగైదు పశువులు కావలెను. పేడ ఎంతో నీరు అంత కలపవలెను. అనగా దినమునకు ఇంచుమించు 50 లీటర్ల నీరు. మన తాలూకాలో ఏప్రిల్, మే నెలలలో ఆ నీరు ఎక్కడినుండి వస్తుందో కట్టకముందే చూచుకొనవలెను. చలికాలములో గ్యాసు కొంత తగ్గుతుంది. మిగిలిన ద్రవము పొలమునకు మంచి ఎరువు.

పశువులు లేనివారికి, అద్దె ఇండ్లవారికి ఇది కుదరదు. కట్టెలతో వండే ఇల్లయితే పొగ గొట్టము గల పొయ్యి పెట్టుకొనవచ్చును. కాని ఆ గొట్టములోని మసిని అప్పుడప్పుడు తీయకపోతే పొగ మరల ఇంటిలోకే వస్తుంది. ఇక్కడ కూడ అదే పాఠము.

6. పైకప్పు మీద సోలార్ పెట్టించుకొనేవారికి

2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన ‘పిఎం సూర్యఘర్’ పథకములో ఒక కిలోవాటుకు 30,000 రూపాయలు, రెండింటికి 60,000, మూడు లేక అంతకంటె ఎక్కువకు 78,000 రూపాయలు సహాయముగా నిర్ణయించారు. మంచి ఎండలో ఒక కిలోవాటు దినమునకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది. మూడు సంగతులు మాత్రము మరువకండి.

మొదటిది, ఈ సహాయము నివాస గృహములకు. మందిరము వంటి కట్టడములు దీనిని ఆశించి లెక్క వేసికొనరాదు.

రెండవది, బ్యాటరీ లేకుండ లైనుకు కలిపిన సోలార్, కరెంటు పోయినప్పుడు తాను కూడ ఆగిపోతుంది. లైనుమీద పనిచేసే మనిషికి షాకు తగులకుండ అలా ఏర్పాటు చేశారు. చీకటిలో దీపము కావలెనని పెట్టించుకొనేవారు బ్యాటరీ సంగతి ముందే అడుగవలెను.

మూడవది, 2023లో కర్ణాటక ప్రభుత్వము గృహజ్యోతి పథకమును ఆరంభించి, 200 యూనిట్ల పరిమితిలో ఇంటి కరెంటు ఉచితము చేసినది. బిల్లు సున్న వచ్చే ఇంటికి సోలార్ వలన సొమ్ము మిగులుట తక్కువే. కాబట్టి ఎవరో పెట్టుకొన్నారని గాక, మన అవసరమును బట్టి నిర్ణయించుకొనవలెను.

7. మేము చేసికొన్న ఏర్పాటు

చేయి విరిగిన ఆ తల్లి కోలుకొని కూడికకు వచ్చిన మొదటి దినమున, మేము ఒక పాత నోటుపుస్తకములో నాలుగు మాటలు వ్రాసుకొన్నాము.

నెల మొదటి శనివారము పలకలు తుడువవలెను. ఈ పని యౌవనులలో ఇద్దరిది. వారి పేర్లు వ్రాయబడినవి.

రెండు నెలలకొకసారి బ్యాటరీ నీరు చూడవలెను, వేసవిలో నెలకొకసారి. చూచినవారు తేదీ వేసి సంతకము చేయవలెను.

క్రొత్త బ్యాటరీ కొరకు నెలనెల కొంత సొమ్ము వేరుగా ఉంచవలెను. బ్యాటరీకి ఆయుష్షు ఉన్నదని ముందే తెలుసు గనుక, అది చచ్చిన దినమున ఆశ్చర్యపడరాదు.

ఊరు విడిచి వెళ్ళేవారు తమ పనిని మరొకరికి అప్పగించి పేరు మార్చి వెళ్ళవలెను.

ఈ నాలుగవ మాట మనవంటి వలసవారికి ముఖ్యము. కాంట్రాక్టు ముగిసిన కుటుంబము వెళ్ళిపోతుంది. పిల్లలు చదువులకు హైదరాబాదు, బెంగుళూరు వెళ్తారు. పని తెలిసిన మనిషి వెళ్ళినప్పుడు ఆ తెలివి కూడ అతనితో వెళ్ళిపోతే, మిగిలినవారికి స్తంభము మాత్రమే మిగులుతుంది.

బ్యాటరీలు మార్చిన తరువాత ఇప్పుడు రెండు దీపములు తెల్లవారువరకు వెలుగుచున్నవి. ఒకటి రెండుసార్లు సంతకము తప్పినది, అడిగి చేయించాము. ఆ తల్లి మాత్రము కూడికకు వచ్చినప్పుడెల్ల ఆ పుస్తకము తెప్పించి, ఈ నెల సంతకము ఉన్నదా అని చూస్తున్నారు. ఆమెకంటె మంచి తనిఖీదారు మాకు దొరకలేదు.

కలిసి ఆలోచించుటకు ప్రశ్నలు

1. మీ ఆవరణలో అందరిది గనుక ఎవరిది కాకుండ పోయిన వస్తువు ఏమైన ఉన్నదా? దానిని చూచుకొనేవారి పేరు వ్రాయబడినదా?

2. పురలో మొదటి ప్రయత్నము ఎందుకు నిలువలేదు? మనము ఒకటి కొనేముందు, దానిని వాడుకొనేవారిని, ముఖ్యముగా స్త్రీలను, ఏమి కావలెనని అడుగుచున్నామా?

3. రుసుము కట్టనివారికి సరఫరా ఆపుట న్యాయమా? నిజముగా కట్టలేని ఇంటివారి విషయములో మీరైతే ఏమి చేస్తారు?

4. మీ సంఘములో ఈ సంవత్సరము ఊరు విడిచి వెళ్ళేవారు ఎవరు? వారికి తెలిసిన ఏ పని మరొకరు నేర్చుకొనవలసి ఉన్నది?

ఈ వారము చేయవలసినది: కూడిక ముగిసిన తరువాత పదిమంది కలిసి ఆవరణ చుట్టి రండి. దీపము, బోరు మోటారు, నీళ్ళ ట్యాంకు, ఇన్వర్టరు ఒక్కొక్కటి చూచి, ప్రతి దానికి ఎదురుగా ఒక పేరు వ్రాయండి. పేరు దొరకని వస్తువు ఉంటే, క్రొత్తది కొనే ఆలోచన కొన్నాళ్ళు ఆపి, ముందు ఆ పేరు వెదకండి.