ఫొటో చదువుదాం: అమెరికా ఆల్బమ్, మన గోడ మీది ఫ్రేమ్

మనలో చాలామందికి అమెరికా అంటే ఎమ్మెస్, వీసా స్లాట్, సీనియర్ల ఇన్‌స్టా ఫొటోలు. కష్టపడితే పైకొస్తారు, అందరూ సమానమే, ఎవరి కాళ్ల మీద వాళ్లు నిలబడాలి అనేవి ఆ దేశం తన గురించి తాను చెప్పుకునే మాటలు. నిజంగా అట్లనే బతికిందా అని తెలుసుకోవాలంటే చట్టాలు, ప్రసంగాలు చదవచ్చు. పాత ఫొటోలు చూడడం ఇంకో దారి. నాయకుల ఫొటోలు కాదు. పని, తిండి, ఇల్లు, క్యూలైను, అంటే మామూలు బతుకు ఫొటోలు. ముందు అక్కడివి మూడు చూద్దాం. అదే చూపుతో తర్వాత జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇండ్లల్లకు వద్దాం.

మొదటిది 1937లో మార్గరెట్ బూర్క్-వైట్ తీసింది. కెంటకీ రాష్ట్రం, లూయివిల్ పట్టణం. వెనుక పెద్ద హోర్డింగు: కారులో నవ్వుతున్న తెల్లవాళ్ల కుటుంబం, అమ్మానాన్న, ఇద్దరు పిల్లలు, ఒక కుక్క. ప్రపంచంలోనే అత్యున్నత జీవన ప్రమాణం మాది అని దాని మీద రాసి ఉంటది. ఆ హోర్డింగు కింద గిన్నెలు, సంచులు పట్టుకుని నల్లజాతివాళ్లు వరుసలో నిలబడి ఉంటరు. దీన్ని చూసి ఆర్థిక మాంద్యంలో పనుల్లేనివాళ్ల క్యూ అనుకునేవాళ్లే ఎక్కువ. కానీ వాళ్లు ఒహాయో నది వరద బాధితులు, సహాయం కోసం వచ్చినవాళ్లు. ఫొటో అబద్ధం చెప్పలేదు, మనమే కింద రాసింది చదవకుండా అర్థం తీసుకున్నం. ఆ హోర్డింగు పెట్టించింది ఫ్యాక్టరీ యజమానుల సంఘం. అంటే ఒకే ఫ్రేములో రెండు అమెరికాలున్నయి: డబ్బు పెట్టి గీయించుకున్నది ఒకటి, దాని కింద నిలబడ్డది ఇంకొకటి. విలువ అనేది ఈ రెండింటి మధ్య ఉన్న దూరంలో కనబడ్తది.

రెండో ఫొటో దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే అది సిరిసిల్లకు దగ్గరిది. 1908 నవంబర్, సౌత్ కరోలినాలోని లాంకాస్టర్ నూలు మిల్లు. పొడుగ్గా సాగిపోయే యంత్రాల వరుస పక్కన సేడీ ఫైఫర్ అనే చిన్న పిల్ల. ఎత్తు 48 అంగుళాలు, అంటే నాలుగడుగులు. అప్పటికే ఆర్నెల్ల నుంచి పనిచేస్తోందని ఫొటోగ్రాఫర్ లూయిస్ హైన్ రాసి పెట్టిండు. ఆయన బాలకార్మికుల జాతీయ కమిటీ తరఫున మిల్లు మిల్లు తిరిగినవాడు. కెమెరాతో లోపలికి రానివ్వరు కాబట్టి ఒకచోట బైబిళ్లు అమ్మేవాడినని, ఇంకోచోట పోస్టుకార్డులు అమ్మేవాడినని చెప్పుకునేవాడు. తన కోటు గుండీలు నేల నుంచి ఎంతెంత ఎత్తులో ఉన్నయో ముందే కొలిచి పెట్టుకుని, పిల్ల తల ఏ గుండీ దగ్గరికి వచ్చిందో చూసి ఎత్తు లెక్కగట్టేవాడు. జేబులో చెయ్యి పెట్టి ఎవరికీ తెలవకుండా నోట్స్ రాసుకునేవాడు. పేరు, వయసు, ఊరు, తేదీ, ఎన్నాళ్ల నుంచి పని: మన భాషలో చెప్పాలంటే మెటాడేటా. అది లేకుంటే ఆ ఫొటో ‘పాపం పిల్ల’ దగ్గరే ఆగిపోయేది. అది ఉండడం వల్ల సాక్ష్యమైంది. అయినా గెలుపు వెంటనే రాలేదు. 1916లో వచ్చిన బాలకార్మిక చట్టాన్ని 1918లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. గట్టి చట్టం రావడానికి 1938 దాకా పట్టింది. కష్టపడడం గొప్ప గుణమని నమ్మే దేశం, ఎవరు ఏ వయసులో కష్టపడాలి అన్న ప్రశ్నకు జవాబు చెప్పడానికి ముప్పై ఏండ్లు తీసుకుంది.

మూడోది మీరందరూ చూసే ఉంటరు. 1936లో డొరోతియా లాంగ్ కాలిఫోర్నియాలో బఠానీ తెంపే కూలీల గుడారంలో తీసిన తల్లీపిల్లల ఫొటో. లాంగ్ ఆ తల్లి పేరు అడగలేదు. ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అనీ, చెరోకీ ఆదివాసి మూలాలున్న మనిషి అనీ లోకానికి తెలిసేసరికి 1970ల చివరికి వచ్చింది. ఆ ఫొటో వల్ల తనకు పైసా రాలేదని ఆమె అన్నది. పేరు అడిగిన హైన్‌కు, అడగని లాంగ్‌కు తేడా ఇదే.

ఇప్పుడు మన ఊర్లు.

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటరు. సాంచాలు నడిపించే కార్మికుడి ఇంటికి పోయి గోడ మీద ఫొటోలు చూడండి. పెండ్లి ఫొటో, చనిపోయిన పెద్దాయనకు దండ వేసిన ఫొటో, పిల్లల స్కూల్ గ్రూప్ ఫొటో, దేవుడి పటాలు ఉంటయి. సాంచా పక్కన నిలబడి దిగిన ఫొటో దొరకడం కష్టం. పొద్దంతా చేసిన పని గోడ మీదికి ఎక్కదు. కండెలు చుట్టే ఆడవాళ్ల సంగతి ఇంకా అంతే. కోరుట్ల, జగిత్యాల వైపు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే అమ్మలు, అత్తమ్మలు ఎంతమంది! వెయ్యి బీడీలకు ఇంత అని లెక్కగట్టి ఇల్లు నడిపినవాళ్లు. ఆల్బమ్‌లో మాత్రం వాళ్లు పట్టుచీరెలోనే కనబడ్తరు, చాట కనబడదు. దీన్ని సిగ్గు అనొచ్చా? నాకైతే అట్ల అనిపించదు. ఫొటోకు డబ్బులు పెట్టాల్సిన కాలంలో మనిషి తాను ఉన్నట్టు కాదు, ఉండాలనుకున్నట్టు దిగిండు. లూయివిల్ హోర్డింగు కూడా అదే పని చేసింది గానీ, ఇక్కడ గీయించుకున్నది పేదవాడే. ఆ తేడా చిన్నది కాదు.

స్టూడియో ఫొటోల్లో వస్తువులు చూడండి. రంగుల పరదా మీద తోట, ప్లాస్టిక్ పూలు, చెయ్యి కొంచెం ముందుకు పెట్టి చూపించే గడియారం. గల్ఫ్ బాట పట్టిన తర్వాత ఈ వస్తువులు మారినయి. టేప్ రికార్డర్, నల్ల కండ్లద్దాలు, ఎవరిదో కారు పక్కన నిలబడ్డ మనిషి. ఆ ఫొటో దుబాయి నుంచి ఇంటికొచ్చేది, ఇక్కడ భార్య, పిల్లలు స్టూడియోకు పోయి దిగిన ఫొటో అక్కడికి పోయేది. రెండింటిని పక్కపక్కన పెడితే తప్ప కుటుంబం పూర్తి కాదు. ఈ జంట ఫొటోలు మన జిల్లాల చరిత్రలో పెద్ద పత్రాలని నా అభిప్రాయం.

అసలు ఫొటోయే లేనివాళ్లున్నరు. ఒకప్పుడు గడీలో దొర నిలువెత్తు ఫొటో ఉండేది, వెట్టి చేసినవాడికి ఒక్కటీ ఉండేది కాదు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్రకు వేల మంది రైతు కూలీలు నడిచి వచ్చిండ్రు. ఆ అక్టోబర్‌లోనే సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ రోజు నడిచినవాళ్లలో ఎంతోమందికి జీవితంలో మొదటి ఫొటో తర్వాతెప్పుడో పాస్‌పోర్టు కోసమో, ఓటరు కార్డు కోసమో దిగిందే అయి ఉంటది. అడగవలసినవాళ్లు ఇంకా కొందరు మన ఊర్లల్లనే ఉన్నరు.

మన దగ్గర ఫొటోగ్రాఫర్లు లేకనా? బండి రాజన్‌బాబు 1939లో కోరుట్లలో పుట్టినవాడే. పల్లెలను, గిరిజనులను ఆయన తీసిన చిత్రాలకు పేరుంది. 2011లో పోయిండు. ఆయన ఫొటోల్లో వెలుగు, ఆకారం అందం చాలా గొప్పవి. కానీ కళ కోసం తీసిన ఫొటో పనిచేసే తీరు వేరు, ఇంటి ఆల్బమ్ పనిచేసే తీరు వేరు. మనకు రెండోదే ఎక్కువ తొందరపని, ఎందుకంటే అది మాయమవుతోంది. డిజిటల్ వచ్చినంక మూతపడ్డ స్టూడియోల నెగెటివ్‌లు తుక్కుకు పోతున్నయి.

ఈ నెల మన క్లబ్ పని: ఇంట్లోంచి ఒక్క పాత ఫొటో తీసుకురండి. ఫ్రేమ్‌లోంచి ఊడదీసేటప్పుడు అద్దానికి అతుక్కుంటే గుంజొద్దు, అద్దంతోనే తీసుకురండి. 600 డీపీఐలో స్కాన్ చేద్దాం. వెనుకవైపు కూడా స్కాన్ చేయాలి, స్టూడియో ముద్ర, తేదీ అక్కడే ఉంటయి. తర్వాత ఇంట్లో పెద్దమనిషిని కూర్చోబెట్టి అడగండి: ఇందులో ఎవరెవరు, ఆ చీర ఎవరిది, ఫొటోకు పైసలు ఎవరు ఇచ్చిండ్రు, ఆ రోజు ఇంట్లో ఉండి కూడా ఫొటోలోకి రానిది ఎవరు. చివరి ప్రశ్నకు వచ్చే జవాబు తప్పకుండా రాసుకోండి, వాళ్లు ఎట్ల చెప్తే అట్లనే.